'గెట్' దగ్గర ఆగిపోయిన ఒక విద్యార్థి: నా కేస్ నోట్స్

పెద్దవాళ్ళకు మాట్లాడే ఇంగ్లిష్ నేర్పడం నా పని. ఈ కేసు రాసి పెట్టుకోవడానికి కారణం ఒకటే. ఇందులో విద్యార్థి చేసిన పొరపాట్ల కంటే నేను చేసినవే ఎక్కువ. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. భాషకు సంబంధించినవి మాత్రం నోట్సులో ఎలా ఉన్నాయో అలాగే ఉంచాను.

నేపథ్యం

ఆయన వయసు ముప్పై దాటింది. మాతృభాష తెలుగు, స్కూలు చదువు తెలుగు మీడియం. టెక్నికల్ ఉద్యోగం. రోజూ వేరే దేశాల్లో ఉండే సహోద్యోగులతో కాల్స్ ఉంటాయి. ఈమెయిల్స్ తప్పుల్లేకుండా రాస్తారు. మాన్యువల్స్ చదివి అర్థం చేసుకోవడంలో ఆయనకు నా సాయం అక్కర్లేదు. మొదటి రోజు తన సమస్యను ఆయనే ఒక్క ముక్కలో చెప్పారు: "పెద్ద మాటలు అర్థమవుతాయి మేడమ్. చిన్న మాటలే అర్థం కావు."

నా దగ్గరికి రావడానికి ముందు జరిగిన సంగతి ఒకటి ఆయన్ని బాగా కుదిపింది. కాల్‌లో మేనేజర్ "కుడ్ యు గెట్ ద రిపోర్ట్ చెక్డ్ బిఫోర్ ఫ్రైడే?" అన్నారు. ఈయన ఆ రాత్రి కూర్చుని రిపోర్టును రెండుసార్లు స్వయంగా చెక్ చేసి, శుక్రవారం ఉదయాన్నే పంపేశారు. మేనేజర్ అడిగింది వేరే ఎవరితోనైనా చెక్ చేయించమని. తన తప్పు తనకు కనపడదు కాబట్టే అలా అడిగారు. రిపోర్టులో ఒక తప్పు అలాగే ఉండిపోయింది, అది పైవాళ్ళ దాకా వెళ్ళింది. ఆయనకు మాత్రం మాట పడ్డ బాధ కంటే ఎక్కడ తప్పు జరిగిందో తెలియకపోవడమే ఎక్కువ బాధగా ఉంది. "చెక్ చెయ్యమన్నారు, చేశాను. ఇంకేం చెయ్యాలి?"

మొదట్లో నేను గమనించింది

ఏ విద్యార్థినైనా మొదటి క్లాసులో అరగంట మాట్లాడనిచ్చి, అడిగి రికార్డ్ చేసుకుంటాను. ఈయన్ని గత వారం ఎలా గడిచిందో చెప్పమన్నాను. రికార్డింగ్ మళ్ళీ వింటుంటే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనపడింది. అరగంటలో గెట్ అన్న క్రియ రెండేసార్లు వచ్చింది. ఒకటి "ఐ యామ్ నాట్ గెటింగ్", రెండోది "ఐ యామ్ గెటింగ్ లేట్". మిగతా చోట్లంతా దాని బదులు ఇంకో మాట దించారు. "ఐ రిసీవ్డ్ ఫీవర్", "ఐ బికేమ్ యాంగ్రీ", "ఐ ఆబ్టెయిన్డ్ పర్మిషన్". ఇందులో వ్యాకరణం తప్పు తక్కువే. కానీ ఇంటికి ఫోన్ చేసి "నాకు అనుమతి లభించినది" అన్నట్టుగా ఉంది.

వినడం ఎలా ఉందో చూద్దామని గెట్ ఉన్న పది చిన్న వాక్యాలు మామూలు వేగంతో చదివాను. 'అందింది' అనే అర్థం ఉన్నవి అన్నీ సరిగ్గా చెప్పారు. మిగతావి తిరగబడ్డాయి. "షి గాట్ ఆఫ్ ద ట్రెయిన్" అంటే ఆమెకు ట్రైన్ దొరకలేదన్నారు. "వి ఫైనలీ గాట్ హిమ్ టు అగ్రీ" అంటే ఒప్పందం మనకు అందిందన్నారు. "ఐ హావ్ గాట్ ఎ మీటింగ్ ఎట్ త్రీ" అన్నదానికి మూడింటికి మీటింగ్ అయిపోయిందని అర్థం చెప్పారు. ఈ చివరిది చిన్న తప్పులా కనపడుతుంది కానీ, ఇలా విన్న మనిషి ఇంకా జరగని మీటింగ్‌ను వదిలేసుకుంటాడు.

ఈ మాటను ఎందుకు తప్పించుకుంటున్నారని అడిగితే స్కూలు రోజులు బయటికొచ్చాయి. "గెట్, నైస్ లాంటి మాటలు రాస్తే మార్కులు పోతాయి" అని అప్పట్లో ఎవరో చెప్పారట. వ్యాసం వరకు ఆ సలహా తప్పేం కాదు, ఫార్మల్ రాతలో గెట్ తక్కువే వాడతారు. ఈయన దాన్ని నోటికి కూడా వర్తింపజేశారు. వాడని మాట చెవికి అలవాటు కాదు. సమస్య మొదలైంది అక్కడేనని అప్పుడు రాసుకున్నాను. ఆ అంచనా సగమే నిజమని తర్వాత తేలింది.

మొదటి ప్రయత్నం: జాబితా

నేను మొదట చేసింది చాలామంది టీచర్లు చేసేదే. గెట్ వాడకాలు నలభై ఏరి, ఒక్కోదాని పక్కన తెలుగు అర్థం, ఒక ఉదాహరణ రాసి ఇచ్చాను. గెట్ అప్ అంటే లేవడం, గెట్ ఆన్ అంటే ఎక్కడం, గెట్ ఆఫ్ అంటే దిగడం, గెట్ ఓవర్ అంటే కోలుకోవడం, గెట్ బై అంటే ఉన్నదాంతో నెట్టుకురావడం, ఇలా. ఎందుకు ఇచ్చానంటే ఆయన చదువులో దిట్ట. బలం ఉన్న చోటి నుంచి మొదలుపెడితే ధైర్యం వస్తుందనుకున్నాను.

రెండు వారాల్లో జాబితా మొత్తం కంఠతా వచ్చేసింది. రాత పరీక్షలో దాదాపు అన్నీ రాశారు. నేను సంతోషపడి, ఇక మామూలుగా మాట్లాడదామన్నాను. మళ్ళీ "రిసీవ్డ్", "ఆబ్టెయిన్డ్"! జాబితాలో ఉన్న వాక్యాలనే కొంచెం మార్చి వినిపిస్తే ఆగిపోయారు. ఆగినప్పుడు ఆయన కళ్ళు పైకి వెళ్ళేవి. మనసులో జాబితా తిరగేస్తున్నారని తెలుస్తూనే ఉంది. ఈలోపు అవతలి వాక్యం అయిపోయేది.

ఇది ఎందుకు పనిచేయలేదో తర్వాత ఆలోచిస్తే, లోపం ఆయన జ్ఞాపకశక్తిలో లేదు. ఇంగ్లిష్‌లో ఇలాంటి పొట్టి క్రియలకు అర్థాలు లెక్కపెట్టి నేర్చుకునే పని కాదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989 నాటి రెండో ముద్రణలో అన్నిటికంటే పొడవైన వివరణ ఉన్న పదం సెట్. దాని ఒక్కదానికే 430కి పైగా అర్థాలు ఇచ్చారు. గెట్ కూడా అదే కుటుంబానికి చెందిన మనిషి. నేను నలభై ఇస్తే నలభై ఒకటోది కాల్‌లో వస్తుంది. పైగా జాబితాలో ప్రతి వాడకం వేరే పదంలా కనపడుతుంది. నలభైకీ మధ్య చుట్టరికం ఏమిటో అది చెప్పదు.

రెండో ప్రయత్నం: మాట బదులు మాట

అర్థాలు ఎక్కువైతే గుంపులు చేద్దామనుకున్నాను. గెట్ వినపడగానే అక్కడ రిసీవ్, బికమ్, అరైవ్, అండర్‌స్టాండ్ వీటిలో ఏది సరిపోతుందో చూసుకోమన్నాను. ఆయనకు ఈ పెద్ద మాటలు వచ్చు కాబట్టి తెలిసినదాని మీదుగా తెలియనిదాన్ని పట్టుకోవచ్చని నా లెక్క.

వినడంలో కొంచెం మెరుగు కనపడింది. మాట్లాడటం మాత్రం ఇంకా దిగజారింది. అసలే ఆయనకున్న జబ్బు పెద్ద మాట దగ్గరికి పరిగెత్తడం. నేను అదే మందుగా రాసిచ్చాను. "గెట్ మ్యారీడ్" బదులు "బికమ్ మ్యారీడ్" అన్నప్పుడు నా తప్పు నాకు కనపడింది. "గెట్ లాస్ట్"కు ఏ మాట పెట్టాలో ఇద్దరికీ తోచలేదు.

ఆ రోజు క్లాసులో కొంచెం చరిత్ర చెప్పాను. రిసీవ్, ఆబ్టెయిన్ లాంటివి ఇంగ్లిష్‌లోకి ఫ్రెంచ్ దారిలో వచ్చాయి. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక కోర్టుల్లో, కొలువుల్లో వాళ్ళ భాషే నడిచింది. అందుకే ఆ మాటలకు ఇప్పటికీ ఆఫీసు వాసన ఉంటుంది. గెట్ దారి వేరు. అది అంతకుముందే స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండ్‌లో స్థిరపడినవాళ్ళ నోటి మాట. వాళ్ళ భాషలో 'గెటా' అంటే చేతికి అందడం, పొందడం. ఫర్‌గెట్‌లో ఉన్న గెట్ కూడా దీని చుట్టమే, కాకపోతే అది పాత ఇంగ్లిష్‌లో ముందునుంచే ఉంది. తెలుగులో 'లభించింది'కీ 'దొరికింది'కీ ఉన్న తేడా లాంటిదే ఇదన్నాను. ఒకటి సంస్కృతం నుంచి వచ్చి రాతలో కూర్చుంది, ఒకటి నోట్లో ఆడుతోంది.

ఆయన నవ్వి, "అంటే ఇన్నాళ్ళూ నేను కాల్స్‌లో గ్రాంథికం మాట్లాడుతున్నానా?" అన్నారు. ఆ నవ్వు తర్వాత గెట్ అంటే ఉన్న చిన్నచూపు పోయింది. రెండో ప్రయత్నంలో పనికొచ్చింది ఆ ఒక్కటే.

మలుపు తిప్పిన 'కొట్టు'

మూడో దారి నాకు ప్లాన్ చేసుకుని దొరకలేదు. ఒకరోజు ఆయన విసిగిపోయి, "ఒక్క మాటకు ఇన్ని అర్థాలేంటి మేడమ్, వీళ్ళకు వేరే మాటలు దొరకలేదా?" అన్నారు. అయితే 'కొట్టు' అంటే ఏమిటో చెప్పండి అన్నాను. దెబ్బ వెయ్యడం అన్నారు. మరి వాసన కొట్టడం? ఎండ కొట్టడం? బోర్ కొట్టడం? ఈత కొట్టడం, కాపీ కొట్టడం, చప్పట్లు కొట్టడం, సెంచరీ కొట్టడం, గోడకు సున్నం కొట్టడం? పర్సు కొట్టేశాడంటే పర్సును దెబ్బలేశాడనా?

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే మొదలుపెట్టారు: డబ్బా కొట్టడం, సోది కొట్టడం, ఫోన్ కొట్టడం... నేను అడిగింది ఒక్కటే. "వీటిలో ఏ కొట్టుడు ఏదో మీకు ఎలా తెలుస్తోంది?" ఆయన జవాబును మాట పొల్లుపోకుండా రాసుకున్నాను: "కొట్టులో ఏముంది మేడమ్, పక్కన ఏముందో దాన్ని బట్టి."

అప్పటిదాకా నేను గెట్‌ను దాని లోపలి అర్థాలతో విడదీస్తూ వచ్చాను. విద్యార్థి చూడాల్సింది దాని పక్కన ఏముందో. జాబితా చింపేశాం. నిజంగానే చింపాం, ఆయనకు అది కావాల్సి వచ్చింది.

మూడో ప్రయత్నం: పక్కన ఏముంది?

మొదట కొన్ని వాక్యాలు తీసుకుని, గెట్ తర్వాత వచ్చేదాన్ని బట్టి కుప్పలు పోయమన్నాను. అర్థం రాయొద్దన్నాను. ఆ నిబంధన కావాలని పెట్టాను. అర్థం అడిగితే మళ్ళీ జాబితా మొదలవుతుంది.

కుప్పలు తొందరగానే తేలాయి. గెట్ తర్వాత ఒక వస్తువో విషయమో వస్తే అది మనిషి చేతికి చేరుతోంది: గెట్ ఎ లెటర్, గెట్ ఎ జాబ్. విశేషణం వస్తే మనిషి మారుతున్నాడు: గెట్ టైర్డ్, గెట్ ఓల్డ్. చోటునో దిక్కునో చెప్పే మాట వస్తే మనిషి కదులుతున్నాడు: గెట్ హోమ్, గెట్ ఇన్, గెట్ ఆఫ్. 'టు' పెట్టి ఇంకో క్రియ వస్తే ఆ పని చేసే వీలు చిక్కుతోంది: "ఐ గాట్ టు సీ హర్" అంటే ఆమెను చూసే వీలు దొరికింది. చివర్లో రెండు వేరే రకాలు మిగిలాయి, వాటి సంగతి తర్వాత చెప్తాను. కుప్పలన్నిటిలోనూ ఉన్నది ఒకటేనని ఆయనే పట్టుకున్నారు. ముందు లేనిది ఇప్పుడు ఉంది, లేదా ముందు ఒకచోట ఉన్నది ఇప్పుడు ఇంకోచోట ఉంది. మార్పు. ఈ మాట నేను చెప్పి ఉంటే ఇంకో నిర్వచనం అయ్యేది.

"హావ్ గాట్" మాత్రం ఏ కుప్పలోనూ ఇమడలేదు. దాన్ని విడిగా పెట్టాం. అది చూడటానికి గతంలా ఉన్నా చెప్పేది ఇప్పుడు ఉన్నదాన్ని. అమెరికా ఇంగ్లిష్‌లో తేడా కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. అక్కడ "ఐ హావ్ గాట్" అంటే ఉంది, "ఐ హావ్ గాటెన్" అంటే దొరికింది లేదా అయ్యింది. బ్రిటన్‌లో ఎక్కువగా రెండిటికీ గాటే. ఆయన టీమ్‌లో రెండు రకాలవాళ్ళూ ఉండటంతో ఈ చిన్న విషయం మీద ఒక క్లాసు మొత్తం పోయింది. పోనిచ్చాను, ఎందుకంటే మూడింటి మీటింగ్ గొడవ ఇక్కడిదే.

'నాకు'తో మొదలయ్యే వాక్యాలు

వినడం సర్దుకుంటోంది. మాట్లాడేటప్పుడు గెట్ ఎప్పుడు అందుకోవాలో ఆయనకు ఇంకా తెలియడం లేదు. దీనికి తెలుగు వైపు నుంచి రావాలనిపించింది. ఆయన రికార్డింగులన్నీ ముందు పెట్టుకుని, గెట్ రావాల్సిన చోట ఆయన తెలుగులో ఏమనుకుని ఉంటారో రాశాను. నాకు మెయిల్ వచ్చింది. నాకు ఉద్యోగం దొరికింది. నాకు జ్వరం వచ్చింది. నాకు అర్థమైంది. నాకు పర్మిషన్ ఇచ్చారు. నాకు చూసే ఛాన్స్ వచ్చింది. కాగితం ఎడమ పక్కన నిలువునా 'నాకు, నాకు, నాకు' అని కనపడేసరికి నాకే ఆశ్చర్యమేసింది.

తెలుగులో జ్వరం వస్తుంది, ఉద్యోగం దొరుకుతుంది. వాక్యానికి కర్త అదే, మనిషి పక్కన 'కు' పెట్టుకుని నిలబడతాడు. ఇంగ్లిష్ మనిషినే ముందుకు తెచ్చి నిలబెడుతుంది, ఆ పనికి దానికి బాగా ఉపయోగపడే క్రియ గెట్. ఐ గాట్ ఎ మెయిల్, ఐ గాట్ ఎ జాబ్, ఐ గాట్ ఎ ఫీవర్, ఐ గాట్ ఇట్. ఈయన 'నాకు' నుంచి 'ఐ'కి వెళ్ళడానికి మధ్యలో వంతెన లేక రిసీవ్‌ను పట్టుకుంటున్నారు. స్కూలు సలహా ఒక్కటే కారణమని మొదట్లో రాసుకున్నది సగమే నిజమన్నది ఇందుకే.

సూత్రం చెప్పాను: నోట్లోకి 'నాకు' వస్తే ఒకసారి గెట్ వైపు చూడండి. ఆ వారం ఆయన కాల్స్‌లో గెట్ వరదలా వచ్చింది. దాంతోపాటు "ఐ గాట్ యాంగర్", "ఐ యామ్ గెటింగ్ స్లీప్", "ఐ గాట్ ఎ డౌట్" కూడా వచ్చాయి.

ఇది నేను ముందే ఊహించాల్సింది. తెలుగులో కోపం, నిద్ర, విసుగు అన్నీ బయటినుంచి మనిషి దగ్గరికి వచ్చే వస్తువులు. ఇంగ్లిష్‌లో అవి మనిషి అయ్యే తీరు: యాంగ్రీ, స్లీపీ, బోర్డ్. కాబట్టి సూత్రానికి రెండో మెట్టు కట్టాం. వచ్చింది చేతిలోకా, ఒంట్లోకా? మనసులోకి, ఒంట్లోకి వచ్చిందైతే విశేషణం వెతకాలి. ఆయన వెంటనే "జ్వరం కూడా ఒంట్లోకే కదా, మరి గాట్ ఎ ఫీవర్ ఎందుకు?" అన్నారు. సరైన ప్రశ్న. నా దగ్గర అందమైన జవాబు లేదు. జబ్బులను ఇంగ్లిష్ వస్తువుల్లా చూస్తుంది, జ్వరం, జలుబు, తలనొప్పి ఆ పక్కకు రాసుకోండి అన్నాను. లేని తర్కం అల్లి చెప్పి ఉంటే రెండు వారాల తర్వాత అదే నా మెడకు చుట్టుకునేది.

'డౌట్' మాత్రం గెట్‌తో తేలే గొడవ కాదు. మనం డౌట్ అనేది ఇంగ్లిష్‌లో క్వశ్చన్. డౌట్ అంటే అక్కడ నమ్మకం కుదరకపోవడం. "ఐ హావ్ ఎ క్వశ్చన్" అని మార్చాం. 'నాకు తెలిసింది' ఇంకో గుంట. ఆయన "ఐ గాట్ టు నో ద మీటింగ్ ఈజ్ క్యాన్సిల్డ్" అనేవారు. బయటివాళ్ళ చెవికి "గెట్ టు నో" అంటే ఒక మనిషితోనో చోటుతోనో మెల్లగా పరిచయం పెంచుకోవడం. కబురు తెలియడమైతే "ఐ హర్డ్" లేదా "ఐ ఫౌండ్ అవుట్".

చేయించడం

మేనేజర్ వాక్యం దగ్గరికి రావడానికి ఇన్ని వారాలు ఎందుకు పట్టిందంటే, కావాలనే ఆపాను. మొదటిరోజే దాన్ని విడమరచి చెప్పి ఉంటే అది ఒక్క వాక్యంగా గుర్తుండిపోయేది. పక్కన ఏముందో చూసే అలవాటు పడ్డాక దాన్ని ముందు పెట్టాను. గెట్, తర్వాత వస్తువు, తర్వాత వీత్రీ, అంటే చెక్డ్, టేకెన్ లాంటి క్రియ మూడో రూపం. గెట్ ద రిపోర్ట్ చెక్డ్.

ఇక్కడ తెలుగు మనకు గొప్ప సాయం. 'చేయు'కు 'చేయించు' ఉన్నట్టు తెలుగులో చాలా క్రియలకు -ఇంచు రూపం ఉంది. రిపేరు చేయించాను: ఐ గాట్ ఇట్ రిపేర్డ్. ఫొటో తీయించుకున్నాను: ఐ గాట్ మై ఫొటో టేకెన్. మరో రూపం గెట్, మనిషి, టు, క్రియ: ఐ గాట్ హిమ్ టు సైన్. ఏది ఎప్పుడో తెలియడానికి తెలుగు వాక్యంలో 'తో' ఉందేమో చూడమన్నాను. 'అతనితో సంతకం చేయించాను' అన్నప్పుడు మనిషి కనపడుతున్నాడు, 'టు' పడుతుంది. 'కాగితం మీద సంతకం చేయించాను' అన్నప్పుడు మనిషి లేడు, వీత్రీ పడుతుంది. కుప్పల్లో చివరికి మిగిలిన రెండూ ఇవే.

'టు' విషయంలో ఆయన చాలాసార్లు జారారు. "ఐ గాట్ హిమ్ సైన్" అనేవారు, ఎందుకంటే "మేడ్ హిమ్ సైన్"లో 'టు' లేదు. అర్థంలో తేడా చూపించాక నిలబడింది. మేక్ వాడితే ఒత్తిడి పెట్టి చేయించినట్టు. గెట్ వాడితే ఒప్పించో, వెంటపడో చేయించినట్టు. పనిచేసే చోట రెండోది చెప్పుకోవడం మర్యాద.

తెలుగు దెబ్బకొట్టే చోటు కూడా ఉంది. మనం 'జుట్టు కత్తిరించుకున్నాను' అంటాం, కత్తెర పట్టింది వేరేవాళ్ళైనా సరే. 'ఆయన పోయినేడాది ఇల్లు కట్టాడు' అంటాం, ఒక్క ఇటుక పేర్చకపోయినా. ఎవరు చేశారో అందరికీ తెలుసు కాబట్టి తెలుగు పట్టించుకోదు. ఇంగ్లిష్‌లో "ఐ కట్ మై హెయిర్" అంటే అద్దం ముందు నిలబడి స్వయంగా కత్తిరించుకున్నట్టే వింటారు. రిపోర్టు రోజున జరిగింది దీని తలకిందులు రూపం. వాళ్ళు తేడా చూపించి చెప్పారు, ఈయన తేడా లేకుండా విన్నారు.

ఆ వాక్యం తేలిపోయిందనుకున్న రోజే ఆయన ఇంకో రెండు వాక్యాలు పట్టుకొచ్చారు. ఒకటి కాల్‌లో విన్నది: "హి గాట్ హిజ్ ఫోన్ స్టోలెన్." "అంటే తన ఫోన్ తనే దొంగతనం చేయించాడా మేడమ్?" రూపం అచ్చం చేయించడానిదే. కానీ ఎవరూ కోరి చేయించుకోని పని అయితే అది జరిగిన నష్టం. రెండోది ఇంకా చిక్కు: "లెట్స్ గెట్ దిస్ ఫినిష్డ్ టుడే." ఇక్కడ ఎవరితోనూ చేయించడం లేదు, మనమే పూర్తి చేద్దామని.

ఇక్కడ పక్కమాట కూడా చాలదని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఫినిష్డ్, డన్ లాంటివి వస్తే చేసేది వినేవాళ్ళే కావచ్చు. చెక్డ్, సైన్డ్, అప్రూవ్డ్ లాంటివి వస్తే ఎక్కువసార్లు ఇంకో మనిషి ఉంటాడు. ఎందుకంటే ఆ పనులు స్వభావంగానే రెండో మనిషివి. అయినా గ్యారంటీ లేదు. అందుకని ఒక వాక్యం అలవాటు చేయించాను: "షుడ్ ఐ చెక్ ఇట్ మైసెల్ఫ్, ఆర్ గెట్ సమ్‌వన్ ఎల్స్ టు చెక్ ఇట్?" అడిగితే ఇంగ్లిష్ రాదనుకుంటారని మొదట జంకారు. ఆ ప్రశ్నలోనే గెట్ సరిగ్గా వాడారు కాబట్టి ఎవరూ అలా అనుకోరని చెప్పాను.

చెవి సంగతి

ఒకటి నేను బాగా ఆలస్యంగా పట్టుకున్నాను. కాగితం మీద తెలిసిన వాక్యాలు కూడా కాల్‌లో ఆయనకు కొన్ని అందడం లేదు. కారణం వాటి అర్థంలో లేదు, శబ్దంలో ఉంది. తెలుగులో మనం ప్రతి అక్షరాన్నీ నిండుగా పలుకుతాం. వాళ్ళ నోట్లో "గెట్ ఇట్" కలిసి "గెటిట్" అవుతుంది, అమెరికావాళ్ళైతే "గెడిట్" లాగా వినపడుతుంది. "గాట్ టు" కాస్తా "గాటా" అవుతుంది. ఈయన గెట్ కోసం ఎదురుచూస్తుంటే గెట్ రూపమే లేని ముక్క వచ్చి వెళ్ళిపోతోంది. రోజూ పది నిమిషాలు చిన్న క్లిప్పులు వింటూ, ఆపకుండా వెంటనే అదే వేగంతో అనడం మొదలుపెట్టించాను. దీన్ని మొదటివారంలోనే పెట్టాల్సింది. ఈసారి ఇలాంటి విద్యార్థి వస్తే జాబితా కాదు, ఇదే ముందు చేస్తాను.

దీంతోపాటు ఒక చిన్న పుస్తకం. కాల్‌లో విన్న గెట్ వాక్యాలు రోజుకు మూడు మాత్రమే, పక్కన ఏముందో గీత గీసి రాయడం. ఎక్కువ రాస్తానంటే వద్దన్నాను. ఆయన చేతికి ఇంకో జాబితా ఇవ్వడం నాకిష్టం లేదు.

ఎక్కడిదాకా వచ్చాం

నాలుగో నెల చివర మళ్ళీ అరగంట రికార్డ్ చేశాను. రిసీవ్ ఒక్కసారే వచ్చింది, అదీ ఒక పార్సిల్ గురించి, సరైన చోటే. గెట్ ధారాళంగా వచ్చింది. "ఐ గాట్ దెమ్ టు ఎక్స్‌టెండ్ ద డెడ్‌లైన్" అన్నప్పుడు ఆయన తను ఏం వాడారో గమనించలేదు కూడా. నేను గమనించి నోట్సులో గీత గీశాను.

రానివి ఉన్నాయి. గెట్ అవే విత్, గెట్ ఆన్ విత్ లాంటి మూడు మాటల కట్టలకు పక్కమాట సూత్రం పెద్దగా పనిచేయలేదు. వాటిని వచ్చినప్పుడల్లా విడి మాటల్లా నేర్చుకోవడమే. "గెట్ ఆన్ విత్ ఇట్" అంటే పని కానివ్వమని, "గెట్ ఆన్ విత్ హర్" అంటే ఆమెతో సఖ్యంగా ఉండటమని చెప్పినప్పుడు ఆయన 'కొట్టు' అని మాత్రం అని ఊరుకున్నారు.

చివరి క్లాసు అయ్యాక గడియారం చూసుకుని లేస్తూ, "ఓకే మేడమ్, ఐ యామ్ గెటింగ్ లేట్" అన్నారు. 'నాకు లేటవుతోంది'ని అలాగే దించేశారు. వాళ్ళైతే "ఐ యామ్ రన్నింగ్ లేట్" అంటారు, లేదా "ఇట్ ఈజ్ గెటింగ్ లేట్" అంటారు. దిద్దుదామని నోరు తెరిచాను. మొదటి రికార్డింగ్‌లో ఆయన అరగంటలో వాడిన రెండు గెట్‌లలో ఇదొకటని గుర్తొచ్చింది. ఈ వాక్యం వల్ల ఎవరికీ ఏదీ అపార్థం కాదు. ఆయనకు నిజంగానే లేటవుతోంది. వెళ్ళనిచ్చాను.